తువ్వాల కింద ధర

పరాయి మగవాడి చేయి నేను ఒక్కసారే పట్టుకున్నాను. గుంతకల్లులో, పట్టపగలు, మా పెద్దమ్మ ఎదురుగా, ఒక తువ్వాల కింద. పాలు పొంగేంత సేపు పట్టుకుని ఉంటాను. ఆ చేతికి డెబ్బై ఏళ్ళు దాటి ఉంటాయి కాబట్టి చదివేవాళ్ళు పెద్దగా ఆశలు పెట్టుకోనక్కర్లేదు. అయినా ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఎదురింటివాళ్ళు పలకరిస్తే తలుపు చాటుకు వెళ్ళి జవాబు చెప్పే పిల్ల ఇంత పని చేసిందంటే మా నాయన నమ్మడు. నమ్మితే మరీ ప్రమాదం. ఇప్పుడు రాస్తున్నానంటే, మా ఇంట్లో అచ్చు కాగితం చేతికి తీసుకునేది పట్టు ధరలు చూడడానికి మాత్రమేనన్న ధైర్యంతో రాస్తున్నాను.

ధర్మవరం

మా ఇంట్లో మూడు గుంత మగ్గాలు, పదకొండు మంది మనుషులు. ఆ పదకొండు మందిలో అందరికంటే తక్కువ చోటు ఆక్రమించేది నేను, అందరికంటే ఎక్కువ మాట్లాడేది పెద్దమ్మ. ఆమె మా నాయన అన్నగారి భార్య. గుంతకల్లు వెళ్ళేనాటికి పెద్దనాయన పోయి ఆరేళ్ళయింది. పెద్దమ్మకు మిగిలింది మూలగది, అందులో ఒక ట్రంకు పెట్టె, పెట్టెలో ఒక సున్నపు డబ్బా, డబ్బాలో పసుపు గుడ్డలో చుట్టిన చింతగింజంత రాయి.

ఆ రాయి కథ మా వీధిలో అందరికీ తెలుసు. పెద్దమ్మ కొత్తగా కాపురానికి వచ్చిన ఏడాది తొలకరికి పుట్టింటివాళ్ళతో వజ్రకరూరు చేలల్లో వెతకడానికి వెళితే దొరికింది. పెద్దనాయన దాన్ని గుంతకల్లులో ఒక షావుకారుకు చూపించాడు. అక్కడ వజ్రాల బేరం నోటితో జరగదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలుపుతారు. పైన తువ్వాల కప్పుతారు. ఆ చాటున వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పక్కనే నిలబడ్డ పెళ్ళానికి కూడా ఎంతన్నదీ తెలియదు. పెద్దనాయన చేయి బయటికి తీసి, వీధిలోకి వచ్చాక పెద్దమ్మ చెవిలో ఒక ధర చెప్పి, "అంత తక్కువకు ఇస్తానా" అని రాయి వెనక్కి తెచ్చేశాడు.

అప్పటి నుంచి ఆయన పోయేదాకా పెద్దమ్మ ఆయన్ని తిడుతూనే ఉంది. ఆ ధరకు ఇచ్చేసి ఉంటే సొంత మగ్గం వచ్చేదని, మరుదుల పంచన మూలగదిలో పడి ఉండే గతి తప్పేదని. వాన రాకపోతే ఒక విడత తిట్టేది. వాన వచ్చి మగ్గం గుంతలోకి నీళ్ళు దిగితే ఇంకో విడత తిట్టేది. పెద్దనాయన ఎదురు చెప్పగా నేను వినలేదు. మగ్గంలో దారపు నాడె అటూ ఇటూ విసురుతూ తిట్లను కూడా పోగుల్లో కలిపి నేసేసేవాడు. ఆ ఏళ్ళలో మా ఇంటి చీరలు కట్టుకున్నవాళ్ళు ఏ పాపం తెలియక కట్టుకున్నారు.

ధర ఎంతో మాత్రం పెద్దమ్మ ఎవరికీ చెప్పలేదు. తువ్వాల కింద ధర బయట పెడితే రాయి మసకేస్తుందట.

ఎనభైల మొదట్లో ఒక మృగశిర కార్తెలో, నాలుగు చినుకులు పడ్డ మర్నాడు, దారపు కండెలు చుడుతున్న నా పక్కకు వచ్చి కూర్చుంది.

"పాపా, నాతో ఉరవకొండకు వస్తావా? మా తమ్ముని ఇంటికని చెబుదాం. ఆడనుంచి వజ్రకరూరు, గుంతకల్లు."

"గుంతకల్లులో ఏముంది పెద్దమ్మా?"

"ఆ షావుకారు ఇంకా ఉండాడంట. పోయేదాకా తిట్టినా మీ పెద్దనాయనను. న్యాయంగా తిట్టినానా, అన్యాయంగా తిట్టినానా తెల్సుకోవాల. పైన కలిసినప్పుడు ఏ మొగంతో పలకరించేది?"

"ఎట్ల తెలుసుకుంటావు?"

"ఈ తూరి చేయి నేనే పెడతా. మీ పెద్దనాయన చెప్పినంతో, అంతకు పైనో నా వేళ్ళకు తగిలితే నేను తిట్టింది న్యాయమే. తగలకపోతే..." అని ఆగి, నా చేతిలోని కండె లాక్కుని తనే చుట్టడం మొదలుపెట్టింది.

ఇక్కడ ఇంకో దొంగతనం కూడా ఒప్పుకోవాలి. మా అన్న పేరు మీద గ్రంథాలయం నుంచి ఖనిజాల పుస్తకం ఒకటి తెచ్చి, నూలు బుట్ట అడుగున పెట్టుకుని చదువుతున్నాను. వజ్రాన్ని వజ్రం తప్ప మరే రాయీ గీయలేదని అందులో ఉంది. పెద్దమ్మ నీళ్ళు పోసుకోవడానికి వెళ్ళినప్పుడు నా కమ్మలోని కెంపుతో ఆ రాయి మీద ఒక గీత గీశాను. గీత పడింది. ఇన్నేళ్ళ తిట్లకు మూలమైన వజ్రం పలుగురాయి. ఇక్కడ పొలం గట్ల మీద బండ్లకొద్దీ దొరుకుతుంది.

చెప్పేద్దామనే అనుకున్నాను. చెబితే ప్రయాణం ఉండదు. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు, అనంతపురం దాటి పైకి వెళ్ళలేదు. నోరు మూసుకున్నాను. నా నోటికి అది కొత్త పనేమీ కాదు.

అనంతపురం

ఆ పుస్తకం ప్రకారం మా జిల్లా కుబేరుడి కొట్టుగది. వజ్రకరూరులో వజ్రాలు, రామగిరిలో బంగారం, తాడిపత్రి వైపు ముగ్గురాయి, బలపపు రాయి, నాపరాయి. రాజుల కాలం నుంచి తవ్వుతున్నారట. కింద ఇన్ని ఉన్న నేలకు పైన, మేం చెనిక్కాయ అనే వేరుశెనగ చెట్టు మూరెడు లేవదు. బస్టాండులో కుండనీళ్ళు గ్లాసు ఐదు పైసలు. కుబేరుడు దాహానికి ముందు ఏర్పాట్లు చేయలేదు.

పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బొరుగులు నానబెట్టి తాలింపు వేసే ఈ ఉగ్గాని మా ధర్మవరంలోనూ ఉంది కానీ, అనంతపురంవాళ్ళు దాన్ని తాము కనిపెట్టినట్టు వడ్డిస్తారు. ప్లేటు రూపాయి. పెద్దమ్మ ప్లేటు వైపు చూడకముందే ధర వైపు చూసింది.

"ఏమప్పా, మా కాలంలో రెండణాలకు ఇస్తరి నిండా పెడతాండ్రి."

"మీ కాలంలో నేను పుట్టలేదమ్మా. పుట్టింటే మా నాయన కూడా రెండణాలకే పెట్టుండు," అన్నాడు హోటలతను, ఎక్కడా విసుక్కోకుండా.

ప్రయాణం పొడవునా ఇదే తంతు. పెద్దమ్మకు దేవుళ్ళ పేర్లు తప్పిపోవచ్చు కానీ ధరలు తప్పవు. మల్లెపూలు, తమలపాకులు, అగ్గిపెట్టె, గోలీసోడా, ఏది కనబడినా పాత ధర ఒకటి, కొత్త ధర ఒకటి పక్కపక్కన నిలబెట్టి కొత్తదాన్ని తిట్టేది. పెద్దనాయన పోయాక ఆమె తిట్లకు ఒక స్థిరమైన మనిషి లేకుండా పోయాడు, పాపం.

ఉరవకొండ బస్సు

మా ముందు సీటులో పామిడి నుంచి వచ్చిన పశువుల దళారి ఒకాయన కూర్చున్నాడు. మెడలో పెద్ద తువ్వాల, చేతిలో ముల్లుకర్ర. ఆ తువ్వాలను చూడగానే పెద్దమ్మకు తన పని గుర్తొచ్చింది.

"అన్నా, సంతలో తువ్వాల కింద వేళ్ళు పడతారు కదా, ఆ లెక్క ఎట్ల?"

"ఎద్దులు కొంటాండావా?"

"ఎద్దే అనుకో."

ఆయన వెనక్కి తిరిగి తన ఎడమ చేతినే కుడి చేత్తో పట్టి చూపించాడు. "ఒక వేలు పడితే నూరు. రెండు పడితే ఇన్నూరు. చేయంతా పడితే ఐనూరు. చేయంతా పట్టి వదిలి, మల్లా ఒక వేలు పడితే ఆరునూర్లు. ఎద్దుకయితే నూర్లమ్మా, మేకకయితే పదులు. సరుకును బట్టి తెల్సిపోతాది."

ఏ వేలూ పట్టకపోతే ఏమిటని నాకు సందేహం వచ్చింది. పెద్దమ్మ చెవిలో అడిగాను. పెద్దమ్మ దాన్ని బస్సంతా వినేలా అడిగింది.

"ఊరికే చేయి పెట్టి తీసేస్తే బేరం లేదని. ఎద్దును తోలుకొని ఇంటికి పోవాల."

"అట్లయితే నోటితోనే చెప్పచ్చు కదా, వద్దని?"

ఆయన పెద్దమ్మను జాలిగా చూశాడు. "నలుగురిలో నీ ఎద్దు పనికిరాదంటే ఆ మనిషి మల్లా సంతలో తలెత్తుకొని తిరుగుతాడామ్మా? ధర దాచేదానికి కాదు తువ్వాల. మొగం దాచేదానికి."

మిగతా దారి పొడవునా పెద్దమ్మ నా చేయి తన కొంగు కింద పెట్టుకుని సాధన చేసింది. ఉరవకొండ పొలిమేర వచ్చేలోపు మేమిద్దరం మూడు జతల ఎద్దులు, ఒక బర్రె, చివరకు కండక్టరుని కూడా అమ్మేశాం. కండక్టరుకు ఇన్నూరు మించి రాలేదు. చిక్కొకటే. ఇన్నేళ్ళు ఉడుకునీళ్ళలో పట్టు పిండీ, దారం లాగీ పెద్దమ్మ వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయి. నేను నాలుగు పడితే మూడంటుంది. పిడికిలి పడితే, "ఇదేమి, తిమ్మిరెక్కిందా నీకు?" అంటుంది.

ఉరవకొండ

పెద్దమ్మ తమ్ముని ఇంట్లో ఒక రాత్రి ఉన్నాం. మా వైపు సంగటి ముద్ద, వీళ్ళ వైపు జొన్నరొట్టె. సాయంకాలమైతే ప్రతి ఇంట్లోనూ రొట్టెలు తట్టే చప్పుడు వినబడుతుంది. ధర్మవరంలో మగ్గాల చప్పుడుకు అలవాటు పడ్డ చెవులకు అది ఏదో తెలియని నేత అనిపించింది. రొట్టెలోకి చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి. కారం గురించి చెప్పను. రాస్తుంటే ఇప్పటికీ ముక్కు కారుతుంది.

వజ్రం అనే మాట వినగానే ఆ ఇంట్లో అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆ చుట్టుపక్కల ప్రతి ఇంటికీ వజ్రం దొరికిన ఒక బంధువు ఉంటాడు. అతను చెనిక్కాయ పెరుకుతుంటేనో, చెప్పులో గుచ్చుకున్న రాయి తీస్తుంటేనో అది దొరుకుతుంది. మర్నాడే మిద్దె కట్టేస్తాడు. ఆ మిద్దె ఏ వీధిలో ఉందని పెద్దమ్మ అడిగితే, అతను ఇప్పుడు ఈ ఊళ్ళో లేడన్నారు. నేను డైరీలో అయిదుగురు అదృష్టవంతుల పేర్లు రాసుకున్నాను. అయిదుగురూ బళ్ళారికే వెళ్ళిపోయారు.

వజ్రకరూరు

పేరు విని నేను ఏదో ఊహించుకున్నాను. ఊరు చూస్తే మామూలు ఊరు. మట్టిమిద్దెలు, బండలు పరిచిన అరుగులు, ఖాళీ బిందెల వరుస, వరుస చివర పోట్లాట. టీకొట్టు మీద మాత్రం వజ్రం బొమ్మ వేసి ఉంది. బొమ్మ గీసినవాడు వజ్రాన్ని చూసి ఉండడు, అది కొబ్బరిచిప్పలా ఉంది.

చేలల్లో మాత్రం తిరునాళ్ళ జనం. కర్నూలువాళ్ళు, బళ్ళారివాళ్ళు, సద్దిమూటలతో వచ్చిన కుటుంబాలు. వాన కడిగిన నేల మీద, ఎండకు ఎదురుగా గొంతుక్కూర్చుని, రాయి మెరిస్తే కనబడుతుందని తల వంచుకుని అంగుళం అంగుళం జరుగుతున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడరు. పరీక్ష హాల్లో కూడా నేను అంత నిశ్శబ్దం చూడలేదు. అక్కడైనా పక్కవాడి కాగితం వైపు చూస్తారు, ఇక్కడ పక్కవాడి కాళ్ళ సందుల్లోకి చూస్తారు.

మేము దిగిన చేను సుంకమ్మ అనే ఆమెది. గట్టు మీద వక్కాకు నములుతూ, కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"యాడ మీది?"

"ధర్మవరం," అంది పెద్దమ్మ.

"పట్టుచీరలోళ్ళు కూడా రాళ్ళకొచ్చినారా. దిగండి. మా చేని కట్టుబాటు ఒకటే. ఎత్తిన రాయి మల్లా చేన్లో ఎయ్యకూడదు. గట్టు మీద ఎయ్యాల."

"దొరికితే?"

"దొరికింది మీది. దొరకనిది గట్టు మీదికి."

ఇంత మంచి మనిషి ఉంటుందా అనుకున్నాను. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా పెద్దమ్మ, నేను మెరిసిన ప్రతి రాయీ ఎత్తి, తిప్పి చూసి, గట్టు మీద వేశాం. మాతో పాటు ఇంకో ముప్పై మంది అదే పని చేశారు. బళ్ళారి నుంచి వచ్చిన ఒక పెద్దాయన భూతద్దం పెట్టి మరీ చూసి వేశాడు. ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి గట్టు జానెడు పెరిగింది. చేను దువ్విన తలలా నున్నగా, చెనిక్కాయ విత్తడానికి సిద్ధంగా ఉంది.

పెద్దమ్మ నడుం పట్టుకుని లేచి, చేను వైపు ఒకసారి, గట్టు వైపు ఒకసారి చూసింది.

"సుంకమ్మా, నీ చేన్లో ఎప్పుడన్నా వజ్రం దొరికిందా?"

"మా మామ కాలంలో దొరికిందంట. నేను చూడలే."

"నీకు దొరికింది గదమ్మే. ఏటేటా దొరుకుతాండాది. కూలి ఇయ్యకుండా ఇంతమందితో రాళ్ళేరిస్తాండావు."

సుంకమ్మ సిగ్గుపడకుండా నవ్వింది. "కూలికి పిలిస్తే ఇంత శ్రద్ధగా ఏరుతారా అక్కా? ఒక్క రాయి వదల్లేదు మీరు." అని తన సద్దిలోంచి మాకు చెరొక రొట్టె ఇచ్చింది. వజ్రకరూరులో మేము సంపాదించింది ఆ రెండు రొట్టెలే.

ఊరి బయట తెల్లదొరల కాలంలో ఏదో కంపెనీ వజ్రాల కోసం తవ్విన గొయ్యి ఉందని సుంకమ్మే చూపించింది. అందులో ఇప్పుడు కంపచెట్లు, వాటి కింద మేకలు. పెద్దమ్మ గట్టు మీద నిలబడి లోపలికి వక్కాకు ఉమ్మి, "ఆడదాని కొంగుకు చిక్కిన రాయి దొరల గోతికి చిక్కలే," అంది. ఆమె రొంటిలో ఉన్న సున్నపు డబ్బా వైపు నేను చూడలేకపోయాను.

దానికి కాస్త దూరంలో భూగర్భ సర్వేవాళ్ళ క్యాంపు. గుడారం, జీపు, నేలలోకి దిగిన డ్రిల్లింగ్ మిషను. కింద నుంచి తీసిన రాయిని గుండ్రని కడ్డీల్లా చెక్క పెట్టెల్లో వరుసగా పేర్చి, ప్రతి కడ్డీకీ నంబరు వేశారు. నీలం కలిసిన ఆకుపచ్చ రాయి. పుస్తకంలో చదివింది అదే. భూమి అడుగున ఎక్కడో పుట్టిన వజ్రాలను ఇలాంటి రాయి ఒక గొట్టంలా పైకి మోసుకొస్తుంది. ఆ గొట్టం ఇదిగో, నా కాళ్ళ కింద. ఆ ప్రయాణం మొత్తంలో నా గుండె కొట్టుకున్నది అప్పుడే. ఇన్ని కోట్ల మందిలో ఎవరూ చూడని చోటు నుంచి వచ్చిన రాయి, ముట్టుకుంటే చల్లగా ఉంది.

"ఏం కావాలమ్మా?" అన్నాడు గుడారంలోంచి వచ్చిన ఒక కుర్ర ఆఫీసరు. మర్యాదగానే అడిగాడు.

అడగవలసిన ప్రశ్నలు పద్నాలుగు నా డైరీలో నంబర్లు వేసి ఉన్నాయి. "ఏం లేదు," అని చెప్పి పరుగులాంటి నడకతో వచ్చేశాను.

"పోయినేడు ఆ మిషను దించితే నీళ్ళు చిమ్మినాయి," అంది సుంకమ్మ, నన్ను ఓదార్చడానికో ఏమో. "ఊరంతా బిందెలు తీసుకొని ఉరికినాం. వాళ్ళేమో మేమొచ్చింది వజ్రాలకు, నీళ్ళు మా శాఖ కాదని మూత పెట్టేసినారు."

నిజమో కాదో నాకు తెలియదు. ఇనుప మూత మాత్రం చూశాను. దాని మీద ఒక మేక కూర్చుని ఉంది.

గుంతకల్లు

గుంతకల్లులో ఎటు తిరిగినా రైలు కూత, బొగ్గు వాసన. మనుషులు కూడా రైలు అందుకోవలసినట్టే మాట్లాడతారు. పెద్దమ్మ ముప్పై ఏళ్ళ నాటి గుర్తులతో ఆ ఇల్లు వెతికింది. బావి పూడ్చేశారు, సినిమాహాలు కొత్తగా వచ్చింది, అయినా సందు చివర గుమ్మానికి రెండు ఇత్తడి చిలకలు అలాగే ఉన్నాయి. షావుకారు కూడా అలాగే ఉన్నాడట, కొంచెం ఎండాడంతే. తెల్లదుప్పటి పరిచిన పరుపు, గాజుపెట్టెలో చిన్న త్రాసు, పక్కన మడిచిన తువ్వాల.

"ఎవరమ్మా?"

"ధర్మవరమప్పా. ముప్పై ఏండ్ల కింద ఒక రాయి చూపించినాము. మల్లా తెచ్చినా."

రాయి చేతికి తీసుకుని ఆయన రెప్పపాటు చూశాడు. అంతే. తర్వాత దాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు. ఒకచోట ఆగి, గోటితో మెల్లగా తడిమాడు. నేను గీసిన గీత అది. తల ఎత్తి నా కమ్మల వైపు చూశాడు. నా చెవులు కెంపులకంటే ఎర్రగా అయి ఉంటాయి.

"మగోళ్ళను పిలుచుకొని రాండి," అన్నాడు.

"మగోడు పోయినాడు. చేయి నేనే పెడతా."

ఆయన పెద్దమ్మ బొట్టు లేని నుదురు చూసి చూపు తిప్పుకున్నాడు. "నీ చేయి పట్టకూడదు తల్లీ. యాపారం చేసే చోటు. అందులోనూ శుక్రవారం."

పెద్దమ్మ తన చేయి కొంగు కింద దాచుకుంది. లోపలి గుమ్మం దగ్గర నుంచి ఆయన భార్య గొంతు వినబడింది.

"ఆ పిల్ల చేయి పట్టచ్చు గదా, మనవరాలంత ఉండాది. యాభై ఏండ్లుగా ఐదోతనం ఉన్న నా చేయి పట్టుకొని ఏం ఉద్ధరించినావు, ఇప్పుడు శకునాలు చూసేకి."

పెద్దమ్మ నన్ను మోచేత్తో ముందుకు తోసింది. "పో పాపా. మీ పెద్దనాయన ఎంత చెప్పినాడో నీకు చెప్పలే, మంచిదే అయింది. నీ వేళ్ళకు ఏం తగిలితే అదే చెప్పు."

తువ్వాల కప్పారు. ఆయన చేయి ఎండిన తాటాకులా ఉంది. నేను వేళ్ళు లెక్కపెట్టడానికి సిద్ధంగా ఉన్నాను. ఒకటి పడతాడేమో. పట్టలేదు. చేయంతా పడతాడేమో. అదీ లేదు. ఆయన అరచేయి నా అరచేతి మీద ఊరికే పడి ఉంది. పైన మాత్రం పెద్ద బేరం నడుస్తోంది. కనుబొమలు ఎత్తాడు. పెదవి విరిచాడు. 'ఊహూ, అంత కుదరదు' అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించి, చివరకు కొంచెం మెత్తబడ్డట్టు నిట్టూర్చాడు. అంత మంచి నటన నేను మా ఊరి నాటకాల్లో చూడలేదు. కింద ఏ వేలూ కదల్లేదు. ఆఖరున నా అరచేతిని రెండుసార్లు తట్టి చేయి తీసేశాడు.

"నా ధర నేను చెప్పినా. ఇచ్చేది, ఇయ్యంది మీ ఇష్టం."

"ఆ పొద్దు కూడా ఇదే మాటన్నాడు," అని పెద్దమ్మ గొణిగింది. తర్వాత గట్టిగా, "ఆ పొద్దు నా మొగునికి ఎంత పట్టినావప్పా?" అని అడిగింది.

"తువ్వాల కింద మాట నా పెండ్లానికే చెప్పలేదు తల్లీ."

"అడిగినోళ్ళెవరు?" అంది లోపలి గొంతు.

రాయి సున్నపు డబ్బాలోకి, డబ్బా పెద్దమ్మ రొంటిలోకి వెళ్ళాయి. ఇద్దరం వీధిలోకి వచ్చాం.

స్టేషను ఎదుట

పెద్దమ్మ వెంటనే అడగలేదు. స్టేషను ఎదుట టీకొట్టు బెంచీ మీద కూర్చుంది. రెండు టీలు చెప్పింది. టీ అర్ధరూపాయి అన్నందుకు కొట్టువాణ్ణి ఏమీ అనలేదు. అది చూసి నాకు భయం వేసింది.

ముప్పై ఏళ్ళ కిందట పెద్దనాయన కూడా ఇదే వీధిలోకి ఇలాగే వచ్చి ఉంటాడు. పక్కన కొత్త పెళ్ళాం. తను ఏరిన రాయి కోసం ఆశగా ముఖంలోకి చూస్తూ ఉంటుంది. ఇంటికి వెళితే తోడికోడళ్ళు నవ్వడానికి సిద్ధంగా ఉంటారు. ఏమీ లేదని చెప్పడం ఒక్క నిమిషం పని. ఆయన దానికి బదులు, ఎవరూ ఇవ్వని డబ్బు వద్దన్నందుకు జీవితాంతం తిట్లు తినే పని ఎంచుకున్నాడు. ఆయన్ని మా ఇంట్లో అందరూ చేతకానివాడనేవాళ్ళు. నేనూ ఆ మాట డైరీలో ఒకచోట రాశాను. ఇంటికి వచ్చాక ఆ కాగితం చింపేశాను.

"చెప్పు, ఎంత పట్టినాడు?" అంది పెద్దమ్మ.

ఆమె వైపు చూడకుండా టీ గ్లాసు వైపు చూశాను. అబద్ధం అలవాటు లేనివాళ్ళు, చిన్న అబద్ధానికి పాపం తక్కువనుకుంటారు. వజ్రానికి ఎంత ఉంటుందో నాకు తెలియదు. పుస్తకంలో గట్టిదనం రాశారు కానీ ధర రాయలేదు.

"మున్నూరు," అన్నాను.

పెద్దమ్మ టీ తాగింది. గ్లాసు అడుగున మిగిలింది నేల మీద పారబోసింది. కొంగుతో మూతి తుడుచుకుంది, తర్వాత కళ్ళు. నా వైపు తిరిగింది. నవ్వుతోంది.

"మీ పెద్దనాయన ఆరునూర్లన్నాడు. ఆ పొద్దు రూపాయికి రెండు సేర్ల బియ్యం పాపా, ఈ పొద్దు టీనీళ్ళే అర్ధరూపాయి. ముప్పై ఏండ్లలో ఉప్పు కూడా పెరిగింది, నా రాయి ఒక్కటే సగానికి దిగిందా? అబద్ధం చెప్పాలన్నా సంత తెల్సుండాల. ఆయప్పకు తెల్సు. సచ్చేదాకా తిట్లు తిన్యాడు గానీ, ఒక్క రూపాయి ధర తగ్గించలే."